వచ్చాడా, వచ్చిందా, వచ్చారా? – ట్రాన్స్‌జెండర్ సమాజంలో భిన్నాభిప్రాయాలు, రచయిత బాధ్యత

చిక్కడపల్లిలో మేము నెలకొకసారి జరుపుకొనే కథాపఠన గోష్ఠిలో కిందటేడు ఒక యువమిత్రుడు కొత్త కథ చదివాడు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర ఎర్రదీపం పడ్డప్పుడు బండ్ల మధ్య తిరుగుతూ చెయ్యి చాచే ఒక హిజ్రా ఆ కథలో ప్రధాన పాత్ర. కథ బాగానే వుంది. కానీ ఆ పాత్ర ఒక పేరాలో "వచ్చాడు", మరో పేరాలో "వచ్చింది", చివర రచయితకు జాలి కలిగిన చోట "వచ్చారు". ఇరవై ఏళ్లుగా పిల్లల రాతలు దిద్దుతున్న అలవాటు కొద్దీ నేను లేచి, ఇది లింగదోషమనీ, ఏదో ఒక రూపానికి కట్టుబడాలనీ చెప్పాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ పాత్రకు ఆపరేషన్ జరిగిందో లేదో కథలో లేదు గనక, అది ముందు తేల్చుకుంటే క్రియాపదం దానంతటదే తేలుతుందని కూడా అన్నాను. ఈ వ్యాసం ఆ మాటకు నేను చెల్లించుకుంటున్న బాకీ.

ఆ రోజు వెనక వరసలో ఇద్దరు శ్రోతలున్నారు. ఒకామె అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటూ, పగలంతా నగర కేంద్ర గ్రంథాలయంలో గడిపే పాతికేళ్ల యువతి. తాను ట్రాన్స్ మహిళనని చెప్పుకుంటుంది. రెండవవారు యాభై దాటిన పెద్దావిడ, నారాయణగూడ అంగళ్లవాళ్లందరూ ఎరిగిన హిజ్రా గురువు. చిన్నామె లేచి, "సార్, నా ఒంటి మీద కత్తి ఎక్కడ పడిందో తెలిస్తేగాని మీకు నా క్రియాపదం తెలియదా?" అని అడిగింది. నేను జవాబు వెతుక్కునే లోపలే పెద్దావిడ ఆమెను వారించారు. "అట్లనకు బిడ్డా. నిర్వాణమయినోళ్లకే మా దాంట్ల ఇజ్జత్. చీర కట్టినోళ్లంత హిజ్రాలయితరా?" అన్నారు. ఇద్దరి మధ్యా మాటా మాటా పెరిగింది. అప్పుడు మా సభ్యుడొకరు, "ముందు మీలో మీరు తేల్చుకోండమ్మా, తర్వాత మేము రాస్తాం" అన్నారు. అందరూ నవ్వారు. వాళ్లిద్దరూ నవ్వలేదు.

నేనన్న మాటా, మా సభ్యుడన్న మాటా ఒకే పొరపాటుకు రెండు ముఖాలు. ఒక మనిషి ఎవరో తెలియటానికి దేహం సాక్ష్యం చెప్పాలన్నాను నేను. ఒక సమూహం ఎవరో తెలియటానికి ఆ సమూహమంతా ఒక్క మాట మీద నిలబడాలన్నాడాయన. అభ్యుదయ సాహిత్యానికి ఈ రెండు షరతులూ పనికిరావని నేననుకుంటున్నాను. ఎందుకో చెప్పాలంటే, ముందు ఆ భిన్నాభిప్రాయాలేమిటో ఓపికగా చూడాలి.

వ్యాకరణం ఏం చెబుతోంది?

తెలుగు చదువుకున్నవాళ్లం గనక మన ఇంటి నుంచే మొదలు పెడదాం. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి నామవాచకాలను విభజించిన తీరు మనకు తెలిసిందే. పురుషుణ్ణి, దేవుణ్ణి చెప్పే మాటలు మహత్తులు. స్త్రీలూ, పశుపక్ష్యాదులూ, జడపదార్థాలూ ఆ పరిధికి వెలుపల. అందుకే ఏకవచనంలో అమ్మాయీ "వచ్చింది", ఆవూ "వచ్చింది", వానా "వచ్చింది". బహువచనంలోనూ, గౌరవవాచకంలోనూ మాత్రమే స్త్రీ పురుషుడితో సమానంగా "వచ్చారు" అనిపించుకుంటుంది. ఇక పశువులకూ జడాలకూ వ్యాకరణంలో వాడిన "క్లీబం" అన్న మాట, మగతనం లేనివాడనే అర్థంలో మనిషికీ వాడినదే. "నపుంసకం" కథా అదే. అంటే శాస్త్రం పుస్తకంలో ఒక పేజీకి శీర్షిక అయిన మాట, వీధిలో ఒక మనిషికి తిట్టు.

దీని పర్యవసానం గమనించండి. ఒక ట్రాన్స్ మహిళ గురించి "వచ్చింది" అని రాస్తే, అది ఆమెను స్త్రీగా ఒప్పుకోవటం కావచ్చు, వస్తువు కింద జమ కట్టటమూ కావచ్చు. "ఆమె వచ్చింది", "అది వచ్చింది" అన్న రెండు వాక్యాల మధ్య క్రియ మారలేదు, మనిషి విలువ మారింది. మన కథల్లో ఎన్ని చోట్ల ఈ రెండో వాక్యం అలవోకగా పడిపోయిందో లెక్క తీస్తే మనకే సిగ్గేస్తుంది.

ఇంకో సంగతి. హిందీ, ఉర్దూలలో "నేను వచ్చాను" అనటానికే మగవాడు ఒక రకంగా, ఆడమనిషి ఇంకో రకంగా చెప్పాలి. తెలుగులో "నేను" అన్న మాటకు లింగం లేదు. తన గురించి తాను చెప్పుకునేటప్పుడు ఎవరికీ ఏ ఇరకాటమూ లేదు. ఇరకాటం మొదలయ్యేది "వాడు", "ఆమె", "అది" అంటూ ఇంకొకరు చెప్పటం మొదలుపెట్టినప్పుడు. అంటే ఆ రోజు నేను లింగదోషమన్నది పాత్రలో లేదు, పాత్ర గురించి చెబుతున్నవాడిలో వుంది.

ఒకే మాట కింద ఎందరు?

ట్రాన్స్‌జెండర్ అన్న మాట మన పత్రికల్లోకి ఈ పదిహేనేళ్లలో బాగా వచ్చింది. ఆ ఒక్క గొడుగు కింద నిలబడినవాళ్లందరూ దేహం గురించి ఒకేలా ఆలోచిస్తారనుకోవటం మన అజ్ఞానం.

హిజ్రా అనేది మొదట ఒక కుటుంబ వ్యవస్థ. గురువు, చేలా, ఘరానా, వాటి మధ్య కట్టుబాట్లు, జరిమానాలు, వృద్ధాప్యంలో పోషణ వున్న వ్యవస్థ. ఒక ఘరానాలో చేరటాన్ని "రీత్" అంటారు. పురుషాంగాన్ని తొలగించుకోవటం నిర్వాణం. గుజరాత్‌లోని బహుచరా మాత పేరు తలచుకుని, ఒకప్పుడు దాయమ్మ చేతిలోనే, ప్రాణాలకు తెగించి చేయించుకునేవారు. తర్వాత నలభై రోజుల పథ్యం, ఆపైన వేడుక. ఈ సంప్రదాయంలో దేహం కేవలం మాంసం కాదు, మొక్కుబడి. పెద్దావిడ "ఇజ్జత్" అన్న మాట వెనక ఈ బాధంతా వుంది. తన దేహంతో ఇంత ధర చెల్లించిన మనిషికి, ఏమీ చెల్లించని మనిషి వచ్చి "నేనూ నీలాంటిదాన్నే" అంటే నొప్పి కలగటం సహజం. ఇంకా, వీరిలో చాలామంది తాము స్త్రీలమని కూడా అనరు. ఆడా కాదు, మగా కాదు, హిజ్రా అంటారు.

మన నగరంలోనే 1990ల నడుమ పరిశోధన చేసి గాయత్రీ రెడ్డి 2005లో ప్రచురించిన గ్రంథం ఈ విషయంలో ముఖ్యమైనది. హిజ్రా అంటే కోయించుకున్న మనిషి అనే ఒక్క కొలబద్ద చాలదని ఆమె చూపించారు. బంధుత్వం, మతం, వర్గం, సంపాదన, అన్నిటికంటే గౌరవం అనే భావన కలిసి ఆ గుర్తింపును తయారు చేస్తాయి. శుభకార్యాలకు వెళ్లి దీవించి కట్నం తీసుకునే బధాయి వృత్తివారు, వొళ్లమ్ముకొని బతికేవారి కంటే తాము మెట్టు పైనున్నామనుకోవటాన్ని ఆమె నమోదు చేశారు. చీర కట్టకుండా, ప్యాంటు చొక్కాతో తిరుగుతూ, కొందరు పెళ్లాం బిడ్డలతో కాపురం చేస్తూనే ఈ లోకంలో భాగంగా వుండే కోథీల గురించీ రాశారు. వీరికి నిర్వాణం అక్కర్లేదు. అయినా తాము మామూలు మగవాళ్లం కాదంటారు.

మన తెలంగాణ జాతరల్లో కనిపించే శివసతులది వేరే దారి. పురుషులుగా పుట్టి, పసుపు కుంకుమలతో, చీరతో, దేవుడికి సతులుగా బతికేవారు వీరిలో వున్నారు. ఇక్కడ కత్తి ప్రసక్తి లేదు. దైవం పట్టుకున్నాడన్నదే వారి ప్రమాణం.

అశోక్‌నగర్‌లో చదువుకుంటున్న ఆ అమ్మాయి తరం వాదం మరొకటి. "నేను హిజ్రాను కాను. అది ఒక ఇల్లు, ఒక వృత్తి, ఒక ఆచారం. నేను స్త్రీని. ఆ సంగతి నాకు తెలుసు, అది చాలు" అంటారు వీరిలో కొందరు. అయితే వీరిలోనూ ఏకాభిప్రాయం లేదు. అద్దంలో కనిపించే దేహం తనది కాదనే వేదనతో, హార్మోన్లు, శస్త్రచికిత్స లేకుండా బతకటమే కష్టమనేవారున్నారు. దేహాన్ని ముట్టుకోకుండానే స్త్రీగా బతుకుతాం, కోసుకుంటేనే ఒప్పుకుంటామనే సమాజమే మారాలి అనేవారున్నారు. ఈ వేదనకు వైద్యులు పెట్టే పేరు మీద కూడా తగాదా వుంది. పేరు లేకపోతే వైద్యం అందదంటారు ఒకరు. పేరు పెడితే మమ్మల్ని రోగుల్ని చేసినట్టేనంటారు మరొకరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 నుంచి అమలు చేసిన వ్యాధుల వర్గీకరణలో దీన్ని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తీసి లైంగిక ఆరోగ్య అధ్యాయంలో పెట్టటం ఈ రెండు వాదనలకూ మధ్య కుదిర్చిన రాజీ అనవచ్చు.

స్త్రీగా పుట్టి పురుషులుగా బతికే ట్రాన్స్ పురుషులను మన సాహిత్యం దాదాపు చూడనేలేదు. వారికి ఘరానా లేదు, గురువు లేడు, వీధిలో గుంపుగా కనిపించే బతుకు లేదు. ఆడపిల్లగా పెరిగిన మనిషి గడప దాటటమే కష్టమైన సమాజంలో వారి పోరాటం నాలుగు గోడల మధ్యే జరుగుతుంది. వారికి దేహమంటే నెలనెలా వచ్చే ముట్టు, దాచుకోలేని రొమ్ములు. ఛాతీకి ఆపరేషన్ అయితేనే ఊపిరి పీల్చుకోగలిగామనేవారూ, అదేదీ లేకుండానే మగవాణ్ణని నిలబడినవారూ వున్నారు.

చివరగా, పుట్టుకతోనే లైంగిక అవయవాలు వైద్యుల లెక్కకు ఒదగని ఇంటర్‌సెక్స్ వ్యక్తులు. "మాది గుర్తింపు సమస్య కాదు, దేహానికి సంబంధించిన విషయం. మమ్మల్ని ట్రాన్స్‌జెండర్ మాట కింద కలపొద్దు" అని వీరిలో అనేకులంటారు. పైవారిలో కొందరు అడిగేది ఆపరేషన్ చేయించుకునే హక్కు. వీరడిగేది, ఊహ తెలియని వయసులో తమకు ఆపరేషన్ చేయకుండా వుండే హక్కు. 2019లో మద్రాసు హైకోర్టు తీర్పు తర్వాత తమిళనాడు ప్రభుత్వం, ప్రాణాపాయం వున్నప్పుడు తప్ప పసిపిల్లలకు ఇలాంటి శస్త్రచికిత్సలు చేయరాదని నిషేధించింది.

ఇంత వైవిధ్యాన్ని చూసినప్పుడు "తేల్చుకోండి" అనిపించవచ్చు. కానీ ఈ వాదాలన్నిటి అడుగునా వున్నది ఒకే ప్రశ్న. ఈ దేహం మీద నిర్ణయం ఎవరిది? కోయించుకుంటానన్నవారూ, కోయించుకోనన్నవారూ, నన్నడక్కుండా కోశారన్నవారూ అడుగుతున్నది ఇదే. ఇదే కొలతతో ఘరానానూ ప్రశ్నించవలసిందే. గురువు మెప్పు కోసమో, ఇంట్లో స్థానం కోసమో ఒక చేలా ఇష్టం లేకుండా నిర్వాణానికి ఒప్పుకుంటే, దానిని సంప్రదాయమని మనం మెచ్చుకోనక్కరలేదు. అలాగే చదువుకున్నవారు హిజ్రాల చప్పట్లను చూసి తమ పరువు పోతోందని తలదించుకుంటే, అందులో వర్గస్వభావం వుందని చెప్పటానికి వెనుకాడనక్కరలేదు. భిన్నాభిప్రాయాలను గౌరవించటమంటే విమర్శను మానుకోవటం కాదు.

రాజ్యం చూపు

దేహాన్ని పరీక్షించి మనిషిని నిర్ణయించాలన్న కోరిక రచయితల కంటే ముందు రాజ్యానికి కలిగింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టంలో ఒక భాగం హిజ్రాల కోసమే రాశారు. దాని అడుగుజాడల్లోనే నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, ఒక చట్టం వచ్చింది. తాను నపుంసకుణ్ణని ఒప్పుకున్నవాడు, లేదా వైద్యపరీక్షలో అలా తేలినవాడు ఆ చట్టం కిందికి వస్తాడు. హైదరాబాదు నగరంలో అనుమానితులైన వారి పేర్లూ నివాసాలూ రిజిస్టరులో ఎక్కించాలి. రిజిస్టరులో వున్న మనిషి ఆడదుస్తులో, నగలో ధరించి వీధిలో కనిపించినా, ఆడిపాడినా, వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల వరకు జైలు. నిజాం పోయాడు, హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ రెండయింది. చట్టం మాత్రం పుస్తకాల్లో అలాగే వుంది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు 2018లో వేసిన వ్యాజ్యంలో తెలంగాణ హైకోర్టు 2023 జూలై 6న అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. నూటనాలుగేళ్లు!

ఈలోగా 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా కేసులో, ఎవరి జెండర్‌ను వారే చెప్పుకునే హక్కు వుందనీ, దానికి శస్త్రచికిత్సను షరతుగా పెట్టటం చట్టవిరుద్ధమనీ తీర్పు చెప్పింది. కానీ పార్లమెంటు 2019లో చేసిన చట్టం ఒక చేత్తో ఇచ్చి ఒక చేత్తో పట్టుకుంది. ట్రాన్స్‌జెండర్ అని ధ్రువపత్రం కావాలంటే జిల్లా మేజిస్ట్రేటుకు దరఖాస్తు చాలనీ, ఆపరేషన్ అక్కర్లేదనీ అది చేసిననాడు అంది. స్త్రీ అనో పురుషుడనో రాయించుకోవాలంటే మాత్రం ఆపరేషన్ జరిగినట్టు వైద్యాధికారి కాగితం తెమ్మంది. అంటే అప్పుడు మూడోవారిగా వుండటానికి మాట చాలింది, స్త్రీగానో పురుషుడిగానో వుండటానికి కత్తి కావలసివచ్చింది! ఆనాటి నిజాం చట్టం శిక్షించటానికి వైద్యుణ్ణి పిలిచింది. ఈ చట్టం గుర్తించటానికి పిలిచింది. పిలుపు మాత్రం ఒక్కటే. ఇంటర్‌సెక్స్ వ్యక్తులనూ ఆ చట్టం ట్రాన్స్‌జెండర్ నిర్వచనంలోనే కలిపేసింది.

మరో వైరుధ్యం చూడండి. 1860 నాటి శిక్షాస్మృతి 320వ సెక్షన్, తీవ్రగాయాల జాబితాలో మొట్టమొదట పుంసత్వహరణాన్నే పేర్కొంది. ఆ భయంతో డాక్టర్లు వెనకాడిన కాలంలో దాయమ్మ కత్తే దిక్కయింది. ఒక చట్టం కోయటాన్ని నేరమంటే, ఇంకో చట్టం కోసిన గుర్తు చూపించమంది. మధ్యలో నలిగింది మనిషి.

ఖర్చు లెక్క

ఈ అభిప్రాయభేదాలను కేవలం భావాల తగాదాగా చూడటం భావవాదమే అవుతుంది. వాటి కింద ఆర్థిక పునాది వుంది. హార్మోన్లకు నెలనెలా డబ్బు కావాలి. శస్త్రచికిత్సకు ఇంకా ఎక్కువ కావాలి. అది సిగ్నళ్ల దగ్గర, రైళ్లలో, పడుపు వృత్తిలో సంపాదించవలసిన డబ్బు. "దేహం ముఖ్యం కాదు" అనగలగటం కూడా కొంతమందికే దొరికే సౌకర్యం. గడ్డం నీడ కనిపిస్తే ఇల్లు అద్దెకివ్వని వీధిలో, దేహం ముఖ్యం కాదంటే ఎవరు వింటారు?

మా గోష్ఠి జరిగే చోటికి కూతవేటు దూరంలోనే, నారాయణగూడలో, 2021లో మిత్ర్ క్లినిక్ ప్రారంభమైంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం మనదేశంలో ఏర్పడిన మొదటి సమగ్ర వైద్యకేంద్రంగా దానికి పేరు. అందులో పనిచేసేవారిలో అధికులు ఆ సమాజంవారే. హార్మోన్ల సలహా, మానసిక సలహా, హెచ్‌ఐవీ పరీక్ష, అవాంఛిత రోమాల తొలగింపు ఒకేచోట దొరికేవి. కోయించుకోమనిగాని వద్దనిగాని చెప్పటం దాని పని కాదు. ఎవరు ఏది ఎంచుకున్నా అవమానం లేకుండా అందించటమే దాని పని. అమెరికా ప్రభుత్వ నిధులతో నడిచిన ఆ క్లినిక్, 2025 మొదట్లో ఆ దేశం విదేశీ సహాయాన్ని నిలిపివేయగానే మూతపడింది. ఆ తర్వాత దేశీయ దాతృత్వ నిధులతో సబ్‌రంగ్ అనే పేరుతో మళ్లీ తెరుచుకుంది. వాషింగ్టన్‌లో పెట్టిన సంతకానికి నారాయణగూడలో ఒక మనిషి మందు ఆగింది. దేహం సొంత విషయమే కావచ్చు, దాని ఆర్థికం మాత్రం ప్రపంచానిది.

బతుకుతెరువు మారితే గుర్తింపు గురించిన మాట కూడా మారుతుంది. 2022లో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్‌పాల్ అనే ఇద్దరు ట్రాన్స్ మహిళలు ఉస్మానియా ఆసుపత్రిలో వైద్యాధికారులుగా చేరారు. 2024 డిసెంబరులో 39 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు హైదరాబాదు ట్రాఫిక్ పోలీసులకు సహాయకులుగా వచ్చారు. చెయ్యి చాచిన కూడలిలోనే చెయ్యెత్తి బండ్లను ఆపే ఉద్యోగం! ఈ పని దొరికిన మనిషి ఘరానాతో తన సంబంధాన్ని కొత్తగా ఆలోచించుకోవటం తప్పదు. గురువుకివ్వవలసిన వాటా దగ్గర నుంచి, నిర్వాణం అవసరమా అన్న ప్రశ్న దాకా అన్నీ కదులుతాయి. "తేల్చుకోండి" అన్నవారు గ్రహించనిది ఇదే. బతుకు కదులుతున్నంతకాలం ఈ చర్చ తేలదు. తేలిపోతే అది చచ్చిన చర్చ.

భీష్ముడి కొలబద్ద

మన ఇతిహాసంలోనూ ఈ తగాదా వుంది. ఉద్యోగపర్వంలో శిఖండి కథ చదవండి. ద్రుపదుడి కూతురుగా పుట్టి, కొడుకుగా పెరిగి, పెళ్లయ్యాక నిజం బయటపడి, స్థూణాకర్ణుడనే యక్షుడి దగ్గర పురుషత్వాన్ని మార్పిడి చేసుకున్నవాడు శిఖండి. పుట్టుకే ప్రమాణమన్నాడు భీష్ముడు. ఎదురుగా విల్లుపట్టి నిలబడిన యోధుడి మాట ఆయనకు లెక్కలేదు. విరాటపర్వంలో బృహన్నలను అంతఃపురంలోకి తీసుకునే ముందు విరాటుడు పరీక్ష చేయించి నిర్ధారించుకున్నాడని సంస్కృతమూలం చెబుతుంది. 1919 నాటి వైద్యపరీక్షకు ఇంత వెనక పూర్వరంగం వుంది! అయితే అర్జునుడికి అది ఒక సంవత్సరపు వేషం, శిఖండికి అది జీవితం. మన నాటకాలూ సినిమాలూ బృహన్నలకు హారతి పట్టి, శిఖండి పేరును తిట్టుగా మార్చాయి. వేషాన్ని క్షమించాం, జీవితాన్ని క్షమించలేదు.

రచయిత ఏం చేయాలి?

మొదట మన మాటలను పరీక్షించుకోవాలి. "కొజ్జా" వంటి తిట్లను మానుకున్నామని సంతోషించి, వార్తల్లో "లింగమార్పిడి" అన్న మాటను ఆలోచించకుండా వాడుతున్నాం. ఈ మాట మనిషి కథనంతా ఒక ఆపరేషన్‌లోకి కుదిస్తుంది. ఆపరేషన్ కానివారిని మాయం చేస్తుంది. తమిళులు తిరునంగై, తిరునంబి అని ట్రాన్స్ మహిళకూ, ట్రాన్స్ పురుషుడికీ గౌరవమైన మాటలు తెచ్చుకున్నారు. మనకు అలాంటివి రావలసి వుంది. అవి మన పండితుల గదుల్లో పుట్టవు. ఆ బతుకు బతుకుతున్నవారి నోట పుట్టాలి, మనం విని రాయాలి.

రెండవది, వారు రాసినదాన్ని చదవాలి. తమిళనాడుకు చెందిన రేవతి 2010లో ఇంగ్లీషులో వెలువరించిన ఆత్మకథను పి. సత్యవతి "ఒక హిజ్రా ఆత్మకథ"గా తెలుగు చేశారు. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. ఘరానా ఇచ్చిన నీడనూ, అదే ఘరానా పెట్టిన కట్టుబాట్లనూ రేవతి రెండింటినీ చెప్పారు. 2016లో వచ్చిన తన తర్వాతి పుస్తకంలో ట్రాన్స్ పురుషుల జీవితాలకు చోటిచ్చారు. తన అనుభవమే అందరి అనుభవమని ఆమె అనుకోలేదన్నమాట. మనం నేర్చుకోవలసింది అదే. ఒక్క పాత్రను తెచ్చి అందరికీ ప్రతినిధిగా నిలబెట్టినప్పుడు కథలో మనిషి చచ్చిపోయి నమూనా మిగులుతుంది.

మూడవది, క్రియాపదం. దీనికి నేను చెప్పగలిగిన సూత్రం చాలా చిన్నది. ఆ మనిషి తనను తాను ఏమనుకుంటే, కథకుడి మాట అటు నడవాలి. పాత్రల నోట "వాడు" అనిపించండి, "అది" అనిపించండి. లోకం అలాగే వుంది గనక దాన్ని దాచకండి. కానీ కథకుడు లోకంతో గొంతు కలపకూడదు. శస్త్రచికిత్స జరిగిందా లేదా అన్నది కథకు అవసరమైతే రాయండి, పాఠకుడి కుతూహలం తీర్చటానికి రాయకండి. మిగతా పాత్రల బట్టల కింద మనం చూడం కదా!

ఆఖరుది, అభిప్రాయభేదాన్ని కథలోకి రానివ్వండి. కార్మికులంతా ఒకేలా ఆలోచించాకనే కార్మికుల గురించి రాద్దామని మన పెద్దలు కూర్చోలేదు. స్త్రీలంతా ఒక అభిప్రాయానికి వచ్చాకనే స్త్రీల కథలు రాలేదు. మనకు రాసే హక్కు పుట్టటానికి ఏకగ్రీవం కావాలని ఏ సమూహాన్నీ అడగని మనం, వీరిని మాత్రం ఎందుకడగాలి?

ఆ యువమిత్రుడు కథను తిరగరాసి రెండు నెలల తర్వాత మళ్లీ చదివాడు. ఈసారి అందులో ఒక గురువు, ఒక చదువుకున్న అమ్మాయి సిగ్నల్ దగ్గర నిలబడి పోట్లాడుకుంటారు. దీపం పచ్చబడి బండ్లు కదిలినా వారి మాట తేలదు. చదవటం పూర్తయ్యాక పెద్దావిడ, "నా మాట సగమే రాసినవ్ బిడ్డా, మిగతది కూడ రాయి" అన్నారు. చిన్నామె తన మాట కొంచెం ఎక్కువే రాశాడంది. ఇద్దరూ ఏకీభవించలేదు. నేను రాతప్రతి తీసుకుని రెండు అచ్చుతప్పులు దిద్దాను. క్రియాపదాల జోలికి పోలేదు.